బీరువా కింద చెక్కముక్క

"అక్కా, అది ఎన్‌ఎఫ్‌సీ ప్యాచే కదా, దానివల్ల అవుట్‌పుట్ ఎలా మారుతుంది?"

ఇవాళ పొద్దున్న పదకొండింటికి మా టీమ్ కుర్రాడొకడు నా సీటు పక్కన నిలబడి అడిగిన మాట ఇది. అప్పటికి నేను నిద్రపోయి ఇరవై ఎనిమిది గంటలు. చేతిలో మెషీన్ కాఫీ ఉంది. వాడి మీద పోయలేదు, తాగేశా. లోపల మిగిలిపోయిందంతా ఇక్కడ పోస్తున్నా. కంపైలర్ల (మనం రాసిన ప్రోగ్రామ్‌ని చిప్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చేవి) గోల మాకెందుకు అనుకునేవాళ్లు పైకి జరుపుకుని వెళ్లిపోండి, ఏమీ అనుకోను.

ఎన్‌ఎఫ్‌సీ అంటే తెలియని అదృష్టవంతుల కోసం: నో ఫంక్షనల్ చేంజ్. కంపైలర్లు కట్టడానికి వాడే ఉమ్మడి కోడ్ ఎల్‌ఎల్‌వీఎం. దాని మీద పనిచేసేవాళ్లం ప్యాచ్ (కోడ్‌లో ఒక మార్పు) పక్కన రాసే వివరణలో, అంటే కమిట్ మెసేజ్‌లో, తగిలించే ముద్ర. కోడ్ సర్దానే తప్ప కంపైలర్ చేసే పనిలో వెంట్రుకవాసి తేడా కూడా రాలేదు అని దాని అర్థం. ఆ మూడక్షరాలు చూడగానే రివ్యూ చేసేవాడి కళ్లు సగం మూతపడతాయి. 'శుద్ధ శాకాహారం' బోర్డు చూసి కూర్చున్నట్టే. కూర్చున్నాక వంటింట్లోకి తొంగి చూసేవాడెవడు?

ఇక కథలోకి వస్తా. మాది ఎల్‌ఎల్‌వీఎం మీద కట్టుకున్న సొంత ఫోర్క్, అంటే విడిగా పెంచుకుంటున్న కాపీ. మా చిప్‌కి కావలసిన బ్యాకెండ్ (చిప్ భాష పుట్టించే భాగం) మాది, మిగతాదంతా పైనుంచి, అంటే అసలు ఎల్‌ఎల్‌వీఎం నుంచి, వచ్చేది. అందులో రిజిస్టర్లు (చిప్ లోపలి చిన్న అరలు) చాలనప్పుడు ఏ విలువని మెమరీలోకి నెట్టెయ్యాలో తేల్చే చిన్న పాస్ (కంపైలర్ పనిలో ఒక అంచె) ఉంది. 2017లో నేనే రాశా. నెట్టెయ్యడానికి పనికొచ్చేవాటి జాబితాని ఒక మ్యాప్‌వెక్టర్‌లో పెట్టా. ఏ వరుసలో వేశామో అదే వరుసలో తిరిగి ఇస్తుందది, కాస్త మెమరీ ఎక్కువ తింటుంది. రెండింటి ఖర్చు సమానమైతే ముందొచ్చినదానికే సీటు. మన బాబు అది చూసి "ఇక్కడ వరుసతో పనేముంది, డెన్స్‌మ్యాప్ చాలు" అని మార్చేశాడు. ముద్ర కొట్టాడు: ఎన్‌ఎఫ్‌సీ. ఒకరు కాదు, ఇద్దరు అప్రూవ్ చేశారు.

ఆ మ్యాప్‌లో ఒక్కో విలువని గుర్తుపట్టే 'కీ'లు పాయింటర్లు. అంటే మెమరీ అడ్రసులు. అవి రన్‌కీ రన్‌కీ మారతాయి, భద్రత కోసం ఆపరేటింగ్ సిస్టమే కావాలని మారుస్తుంది. డెన్స్‌మ్యాప్ ఆ అడ్రసులని హ్యాష్ చేసి, అంటే వాటితోనే ఒక లెక్క కట్టి దేన్ని ఎక్కడ పెట్టాలో తేల్చి, పెట్టుకుంటుంది కాబట్టి అందులోంచి వచ్చే వరుస ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా. ఫలితం? అదే సోర్సు, అవే ఫ్లాగులు, అదే మెషీన్. రెండుసార్లు కంపైల్ చేస్తే రెండు రకాల బైనరీలు (నడిచే ప్రోగ్రామ్ ఫైళ్లు). కంపైలర్‌కి ఇంతకంటే పరువు తక్కువ పని లేదు. తప్పు కోడ్ ఇచ్చినా ఒకేలా తప్పు ఇస్తే పట్టుకోవచ్చు, ఇది పూటకో మాట చెబుతుంది.

రెండు బిల్డుల చెక్‌సమ్‌లు (ఫైళ్ల వేలిముద్రలు) కలవట్లేదని రిలీజ్ టీమ్ నిన్న సాయంత్రం టికెట్ వేసింది. మామూలు బగ్‌కి బిసెక్ట్ అంటే కమిట్ల (చేర్చిన మార్పుల) వరుసని సగం సగం చేసుకుంటూ పోవడమే, పది పన్నెండు అడుగుల్లో దొంగ దొరుకుతాడు. ఇది మామూలు బగ్ కాదుగా. ఒకసారి సరిగ్గా వచ్చిందంటే ఆ కమిట్ మంచిదని కాదు, ఆ పూటకి అదృష్టం బాగుందని. అందుకని అడుగు అడుక్కీ బిల్డ్ చేసి, ఒక్కో బిల్డ్‌తో అదే ఫైల్‌ని ముప్పైసార్లు కంపైల్ చేసి, ముప్పై చెక్‌సమ్‌లూ పోల్చాలి. తెల్లవారుజామున నాలుగూ పదికి దొరికాడు. రెండు అసెంబ్లీ ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే మొత్తం నాలుగు లైన్లు తేడా. ఒకచోట రెండు రిజిస్టర్లు చోటు మార్చుకున్నాయి, వాటితోపాటు స్టాక్‌లో 8 ఉన్నచోట 16 వచ్చింది. అంతే. దీనికోసం ఒక రాత్రి.

"టెస్టులన్నీ పాసయ్యాయి అక్కా."

అవుతాయి నాన్నా. మన టెస్టు ఫైళ్లలో మెమరీలోకి నెట్టెయ్యడానికి ఫంక్షన్‌కి ఒక్క అభ్యర్థే ఉన్నాడు. ఒక్కడే పోటీలో ఉంటే వరుస ఏంటి, ఏకగ్రీవం.

ఇదేమీ బ్రహ్మరహస్యం కాదు. ఎల్‌ఎల్‌వీఎం కోడింగ్ స్టాండర్డ్స్‌లో పాయింటర్ల వరుసని నమ్ముకోవద్దని విడిగా హెచ్చరిక ఉంది. ఇలాంటివాటిని పట్టడానికే హ్యాష్ కంటైనర్లని వెనక నుంచి ముందుకి తిప్పే రివర్స్ ఇటరేషన్ అనే బిల్డ్ ఆప్షన్ ఉంది. జీసీసీ అనే ఇంకో కంపైలర్‌ది ఇంకా మోటు పద్ధతి, నాకు భలే ఇష్టం. చేతిలో ఉన్న కంపైలర్‌తో జీసీసీని ఒకసారి కడతారు, అలా వచ్చిన జీసీసీతో మళ్లీ జీసీసీని, దానితో మూడోసారి. రెండో అంచె, మూడో అంచె ఆబ్జెక్ట్ ఫైళ్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా లేకపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది. తరాలు మారినా పోలిక తప్పకూడదన్నమాట. మా దగ్గర ఆ రివర్స్ ఇటరేషన్ బిల్డ్ ఒకటి రాత్రిపూట నడుపుదామని 2023లో అడిగా. సర్వర్ ఖర్చు అన్నారు. అదే నెలలో మా ఫ్లోర్‌లో బీన్‌బ్యాగులు మార్చారు. పాతవి బాగానే ఉన్నాయి, నేను కూర్చునేదాన్ని.

చిన్నప్పుడు మా ఇంట్లో భోగి ముందు సర్దుడు కార్యక్రమం ఉండేది. ఓ ఏడు సెలవులకొచ్చిన మా బాబాయి మహా ఉత్సాహంగా మూల మూలా ఊడ్చి, విరిగిన పీట, పాత చాట, ఇంకా చేతికందిన కర్రా పుల్లా పోగేసి మంటలో వేశాడు. ఆ మంటలో బీరువా ఎడమ కాలి కింద పెట్టిన చెక్కముక్క కూడా ఉంది. మూడంగుళాలుంటుందేమో. ఎన్నేళ్లుగా ఉందో, ఎవరు పెట్టారో, ఎవరికీ గుర్తు లేదు. కనుమ నాడు అమ్మ పట్టుచీర తీద్దామని తలుపు లాగితే బీరువా మొత్తం మీదకి ఒరిగింది. పక్కన నాన్న ఉండబట్టి సరిపోయింది. "దాని కింద చెక్క ఏదిరా?" అంటే మా బాబాయి అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో సామెత: "ఊరికే పడుంది కదా వదినా."

ఊరికే పడుంది కదా అక్కా. ప్రతి రీఫ్యాక్టరింగ్ (కోడ్ సర్దుడు) ప్యాచ్ వెనకా నాకు మా బాబాయి కనిపిస్తాడు.

ఇంకా అయిపోలేదు. మ్యాప్‌వెక్టర్ పైన నేను రాసిన కామెంట్ ఒకటుండేది, వరుస మార్చొద్దు అని. అదే ప్యాచ్‌లో దాన్నీ తీసేశాడు. ఎందుకట? ఇప్పుడు వరుసే లేదు కదా, కామెంట్ పాతబడిపోయిందట! బావి పూడ్చేసి 'బావి ఉంది జాగ్రత్త' బోర్డు పీకేస్తే అర్థముంది. వీడు బావి మీద చాప పరిచి బోర్డు పీకాడు. ప్యాచ్ వివరణ చూస్తే ఏఐ రాసిందని మొదటి లైన్‌లోనే తెలిసిపోతోంది, రీడబిలిటీ, మెయింటైనబిలిటీ, మోడర్నైజేషన్, పెళ్లిపత్రికలో చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి లాగా. పదిహేను నిమిషాల్లో చేయించాడట. విప్పడానికి నాకు పదకొండు గంటలు.

పైగా పనిలో పనిగా ఫైలంతా ఫార్మాటర్‌తో దువ్వాడు. ఇప్పుడు గిట్ బ్లేమ్ (ఏ లైన్‌ని చివరగా ఎవరు మార్చారో చూపే కమాండ్) కొడితే నేను 2017లో రాసిన లైన్లన్నిటి మీదా వాడి పేరే. ఆ లైన్ ఎందుకు ఉందో తెలుసుకోవాలంటే ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఉన్న కోడ్‌ని మూకుమ్మడిగా రీఫార్మాట్ చేసే ప్యాచ్‌లు మాకొద్దని ఎల్‌ఎల్‌వీఎం వాళ్లు రాసే పెట్టారు. తప్పనిసరైతే బ్లేమ్ దాటెయ్యాల్సిన కమిట్ల జాబితా ఒక ఫైల్‌లో ఉంచుతారు. మనకి అవేవీ పట్టవు. మనం ఉత్సాహవంతులం.

(వేరియబుల్ పేర్లు పెద్దక్షరంతో మొదలవ్వాలన్న ఎల్‌ఎల్‌వీఎం నియమం నాకూ నచ్చదు. 2019లో మారుద్దామని పెద్ద చర్చే జరిగింది. లింకర్ ఎల్‌ఎల్‌డీ వరకు ఆ ఏడే మార్చేశారు, మిగతాది అలాగే ఉంది. ఇక ఎక్స్86 (ఇంటెల్ తరహా చిప్‌లు) కోసం చిప్ సూచనలు ఎంచే ఫైల్ ఒక్కటే 50 వేల లైన్లు దాటింది. దాన్ని ఎవరు ముక్కలు చేస్తారో చేసుకోండి, నేను దండ పట్టుకుని గుమ్మంలో నిలబడతా.)

పైవాళ్లు, అంటే అసలు ఎల్‌ఎల్‌వీఎం వాళ్లు, ఏమీ తక్కువ తినలేదు. స్ట్రింగ్‌రెఫ్‌లో స్టార్ట్స్‌విత్ అనే ఫంక్షన్‌కి మధ్యలో అండర్‌స్కోర్ చేర్చారు, సీప్లస్‌ప్లస్ భాష 2020 వెర్షన్‌లో అలా ఉందని. న్యాయమే. కానీ ఆ ఒక్క గీతకి మా దగ్గర ఎన్ని ఫైళ్లు ఎర్రబడ్డాయో లెక్కపెట్టడం మానేశా. సీప్లస్‌ప్లస్ ఏపీఐ (బయటి కోడ్ పిలిచే ఫంక్షన్లు) స్థిరంగా ఉంటుందని వాళ్లెప్పుడూ మాటివ్వలేదు కాబట్టి తిట్టడానికి కూడా హక్కు లేదు. అయినా వాళ్లలో నాకు నచ్చేదొకటుంది. పాతదాన్ని పీకేముందు కొత్తదాన్ని పక్కన నిలబెట్టి, ఏళ్ల తరబడి రెండూ నడుపుతారు. పాస్‌లని వరుసగా నడిపే కొత్త పాస్ మేనేజర్ ఎల్‌ఎల్‌వీఎం 13లో డిఫాల్ట్ అయింది, ఆ తర్వాత కూడా బ్యాకెండ్‌లో పాతదే బండి లాగింది. జీసీసీలో రిజిస్టర్లు సర్దే పాత భాగం రీలోడ్ స్థానంలోకి కొత్తది, ఎల్‌ఆర్‌ఏ, 2013లో వచ్చింది, పదేళ్ల తర్వాత కూడా కొన్ని పాత టార్గెట్లు (చిప్ రకాలు) రీలోడ్ చెయ్యి వదల్లేదు. కొత్త కోడలొచ్చినా వంటింటి తాళం అత్తగారి దగ్గరే ఉన్నట్టు. నెమ్మదా? నెమ్మదే. బీరువా మాత్రం మీద పడదు.

సరే, అసలు మంట ఎక్కడో చెప్తా. ఆ కుర్రాడి మీద కాదు.

ఎల్‌ఎల్‌వీఎంలో ఇదివరకు పాయింటర్‌కి తను దేన్ని చూపిస్తుందో ఆ రకం కూడా అంటుకుని ఉండేది. ఇంటీజర్ పాయింటర్ వేరు, ఫ్లోట్ పాయింటర్ వేరు. ఆ రకం చూసి పెద్దగా తెలిసేదేమీ లేదు, మధ్యలో బిట్‌కాస్ట్‌ల (రకం పేరు మార్చే సూచనల) ఊరేగింపు తప్ప. అందుకని అన్నిటినీ ఒకే ఒక్క 'పీటీఆర్' చేసేశారు. వాటినే ఒపేక్ పాయింటర్లు అంటారు. 2022లో 15వ వెర్షన్‌కి డిఫాల్ట్ అయ్యాయి, 2023లో 17కి వచ్చేసరికి పాతవాటిని పూర్తిగా పీకేశారు. మా బ్యాకెండ్‌లో 214 చోట్ల పాయింటర్‌ని పట్టుకుని "నువ్వు దేన్ని చూపిస్తున్నావమ్మా" అని అడిగే కోడ్ ఉండేది. ఇకమీదట దానికి జవాబు చెప్పే దిక్కు లేదు. 214 చోట్లా ఆ సమాచారం ఇంకెక్కడ దొరుకుతుందో వెతకాలి. కొన్నిచోట్ల లోడ్ దగ్గర దొరుకుతుంది, కొన్నిచోట్ల స్టోర్ దగ్గర, ఇంకొన్నిచోట్ల ఎక్కడా దొరకదు, డిజైనే మార్చాలి. తొమ్మిది నెలలు పట్టింది. మా అబ్బాయి యూనిట్ టెస్టులకీ నా యూనిట్ టెస్టులకీ మధ్య ఇంట్లో తేడా తెలియకుండా పోయిన తొమ్మిది నెలలు.

అప్రైజల్‌లో మేనేజర్ గారు అడిగారు. "ఇంపాక్ట్ ఏంటండీ?"

"మా రిగ్రెషన్ సూట్ అవుట్‌పుట్‌లో ఒక్క బైటు కూడా మారలేదండీ" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో మీకు చెప్పలేను.

ఆయన పెన్ను ఆపి చూశారు. "అంటే... ఏం చేసినట్టు?"

స్లైడ్ మీద నా తొమ్మిది నెలలు ఒక్క లైన్ అయింది: 'ఎల్‌ఎల్‌వీఎం అప్‌గ్రేడ్.' ఆ ఏడాది అవార్డు ఇంకొకాయనకి వెళ్లింది. ఆయన రాసిన ఫంక్షన్ ఒక్కటే 1,900 లైన్లు, ఆ 214లో 61 దాంట్లోవే. ఆయన చేసింది ఫీచర్. దానికి పేరుంటుంది, డెమో ఉంటుంది, కేకు ఉంటుంది. కేకు నేనూ తిన్నా, బ్లాక్ ఫారెస్ట్. దాన్ని కడిగి తుడిచినదానికి మిగిలింది 'అంటే ఏం చేసినట్టు.'

మరి ఆ కుర్రాడికి ఎవరు చెప్పారు సర్దుడు పని పదిహేను నిమిషాల్లో అయిపోతుందని? ఆ స్లైడే చెప్పింది. ఈ క్వార్టర్ టార్గెట్లలో 'కోడ్ క్లీనప్: నెలకి ఐదు ప్యాచ్‌లు' అని పెట్టారు తెలుసా? వాడికి ఇది నాలుగోది. పాపం ఐదోదానికి ఏ చెక్కముక్క కోసం వెతుకుతున్నాడో.

మధ్యాహ్నం వాడితో క్యాంటీన్‌లో కూర్చుని మొత్తం బొమ్మ గీసి చెప్పా, పాయింటర్లు, హ్యాష్ బకెట్లు, అన్నీ. బుద్ధిగా విన్నాడు. చివర్లో చాలా మర్యాదగా, "వరుస మార్చొద్దు అని రాశారు గానీ ఎందుకో రాయలేదు కదా అక్కా" అన్నాడు.

రాయలేదు. రిలీజ్ రాత్రి అది, ఇంటికి వెళ్లాలన్న తొందర. నాలుగు ముక్కలు గీకి వెళ్లిపోయా. దానికి జవాబేముంది, పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నా.

సాయంత్రం రివర్ట్ ప్యాచ్ (వాడి మార్పుని వెనక్కి తీసేది) పెట్టా. ఈసారి పద్నాలుగు లైన్ల కామెంట్ రాశా, ఎందుకు, ఏమవుతుంది, ఎలా పరీక్షించాలి, అన్నీ. ఇద్దరు అభ్యర్థులున్న టెస్టు కూడా చేర్చా. అరగంటలో మన అవార్డు గారి నుంచి రివ్యూ వచ్చింది: "కామెంట్ మరీ పెద్దదైంది, కుదించగలరా? పనిలో పనిగా ఆ ఫంక్షన్ పేరు కూడా మార్చేస్తే బాగుంటుంది. ఎన్‌ఎఫ్‌సీయే కదా."

కుదించను. పేరు మార్చను. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంటున్నా.