నూనె పైకి తేలలేదు మేడం

మా బడిలో ఈ ఏడాది నుంచి పిల్లల పనిని అట్టపెట్టెల్లో దాచడం మానేసి ఈ-పోర్ట్‌ఫోలియోలు మొదలుపెట్టారు. పని ఫోటో యాప్‌లో పెట్టాలి. దాని కింద "ఏం నేర్చుకున్నాను? ఇంకా ఏం బాగుచేయాలి?" అన్నవాటికి పిల్లలే జవాబు రాయాలి. ఆపైన పక్క బెంచీ వాళ్లు తలా ఒక మాట రాయాలి. 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన స్వీయ మూల్యాంకనం, తోటివారి మూల్యాంకనం ఇవే. ఎఫ్‌ఏ-1కి, అంటే ఏడాదిలో మొదటి నిర్మాణాత్మక మూల్యాంకనానికి, 20 మార్కులు, అందులో ప్రాజెక్టు పనికి 5. ఆ అయిదు మార్కుల కోసం ఏడో తరగతిలో 42 మంది చేసిన ఆకుల చార్టులు నా ఫోన్‌లోకి వచ్చి కూర్చున్నాయి.

ఫోటో 200 కేబీ దాటితే యాప్ మింగదు. రాత్రి పదకొండింటికి ఒక్కోటీ కుదించి ఎక్కించాను. కుదించాక అన్నీ గోరంత బొమ్మలే. ఏది ఆకో ఏది అరిటిపండో ఎవరికి తెలుసు? ఆఖరి బటన్ నొక్కేసి పడుకున్నాను.

మర్నాడు కంప్యూటర్ గదిలో పిల్లలు వాళ్ల పని కానిచ్చారు. సాయంత్రం మార్కులు వేద్దామని తెరిస్తే, 17వ నంబరు అబ్బాయి ఆకులు లేవు. వాటి చోట మా అత్తయ్య ఆవకాయ జాడీ! మే నెలలో, కలిపిన రోజునే, అమెరికాలో ఉన్న ఆడపడుచుకి పంపడానికి తీసిన ఫోటో.

కింద వాడు బుద్ధిగా అన్నీ నింపాడు. ఏం నేర్చుకున్నాను: "ముక్కకి టెంక ఉండాలి." ఏం బాగుచేయాలి: "నూనె ముక్కల పైకి తేలలేదు. మూడో రోజు తిరగకలిపి మళ్లీ పొయ్యాలి. లేకపోతే బూజు పడుతుంది."

పక్క బెంచీ: "ఆవపిండి ఎక్కువైంది. మా అమ్మమ్మది ఇంకా ఎర్రగా ఉంటుంది."

మిగతా 41 మందీ ఒకరిది చూసి ఒకరు "ఆకుల గురించి బాగా నేర్చుకున్నాను, ఇంకా బాగా నేర్చుకోవాలి" అని రాశారు. నిజం చెప్పొద్దూ, సొంత బుర్ర పెట్టింది వీడొక్కడే. అయిదుకి అయిదు వేశాను.

"నీ చార్టు కాదని చెప్పలేదేంరా?" అంటే, "మీరే పెట్టారు కదా మేడం, పరీక్షేమో అనుకున్నా" అన్నాడు.

తీసేద్దామంటే హెడ్మాస్టరు గారి లాగిన్ కావాలి. ఆయన మూడు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లారు, ఈ-పోర్ట్‌ఫోలియోల మీదే. ఈలోగా లింకు తల్లిదండ్రులకి వెళ్లిపోయింది. రాత్రి ఆ అబ్బాయి వాళ్లమ్మ ఫోన్. చేతులకి పిండి ఉందని స్పీకర్‌లో పెట్టాను, అదీ నా బుద్ధి.

"మేడం, ఆవకాయ కూడా సిలబస్సులో ఉందా? మావాడు నూనె తక్కువని రాశాడట, ఏమీ అనుకోకండి!"

హాల్లో సీరియల్ చప్పుడు ఆగిపోయింది.

"ఎవడే నూనె తక్కువన్నది?" అంటూ అత్తయ్య వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, నా ఫోన్ లాక్కుని రెండుసార్లు చదివింది. ఏమీ అనలేదు. తిన్నగా వెళ్లి జాడీకి కట్టిన గుడ్డ విప్పింది. చాలాసేపు అందులోకి చూసింది.

"అమ్మాయ్, పప్పునూనె డబ్బా ఎక్కడ పెట్టావు?"