ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి చూపించండి

కంప్యూటర్‌లో జాగా నిండి సీ డ్రైవ్ ఎర్రగా మారిందంటే చాలు, ఎవరిని అడిగినా ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టేద్దాం". ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. జాగాను ఏది తింటోందో చూడకుండా మొత్తం తుడిచిపెట్టడాన్ని రిపేరు అని ఎలా అంటారు? బ్యాకప్ అంటే ఏంటో తెలియనివాళ్ల పెళ్లి ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, సగం రాసిన ప్రాజెక్టులు అందులోనే కదా పోయేది!

మా పిన్ని కొడుకు బీటెక్. లాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. విండోస్‌లో అది 238 అని కనబడుతుంది. కేబీ, ఎంబీ, జీబీ ఇలా ఒక్కో మెట్టుకీ కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతకుమించి అందులో మోసమేం లేదు. అది నిండిపోయిందని తీసుకెళ్తే షాపులో "వైరస్ అయ్యుంటది, ఫార్మాట్ చేయాలి, లేదంటే కొత్త ఎస్‌ఎస్‌డీ" అన్నారట. వాడు పాపం సినిమాలన్నీ తీసేశాడు, ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. అయినా మళ్లీ నిండిపోయింది.

ఏ ఫోల్డర్ ఎంత జాగా తింటోందో చూపించే విజ్‌ట్రీ అనే ప్రోగ్రామ్ వేసుకుని, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చి స్కాన్ చేశాం. అడ్మిన్‌గా ఇస్తే అది ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా తిరగదు, డ్రైవ్‌లోని మాస్టర్ ఫైల్ టేబుల్‌ని, అంటే ఫైళ్లన్నిటి పట్టికని, నేరుగా చదివేస్తుంది. అందుకే సెకన్లలో అయిపోతుంది. అన్నిటికన్నా పైన వాడి యూజర్ ఫోల్డర్‌లోని డాట్ ఆండ్రాయిడ్ ఫోల్డర్. ఎప్పుడో ల్యాబ్ కోసం యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో పెట్టుకున్న ఎమ్యులేటర్లు, అంటే కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్లు, ఒక్కోటీ కొన్ని జీబీలు. దాని కిందే, ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లో నడిపే డాకర్ వాడే వీహెచ్‌డీఎక్స్ ఫైలు, అంటే ఫైలు రూపంలో ఉన్న డిస్క్. దీనితో ఒక చిక్కుంది. లోపల డాకర్ ఇమేజ్‌లు (ఆ డబ్బాల మూసలు) డిలీట్ చేసినా ఆ ఫైలు మామూలుగా తనంతట తాను తగ్గదు, పెరిగిన సైజులోనే కూర్చుంటుంది. దాన్ని విడిగా కంపాక్ట్ చేయాలి, అంటే కుదించాలి. ఆ తర్వాత హైబర్నేషన్ ఫైలు, అంటే కంప్యూటర్‌ని హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచుకునే ఫైలు. మామూలు సెట్టింగ్‌లో ఇది ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది, అంటే 16 జీబీ ర్యామ్ ఉంటే 6 జీబీ పైనే. హైబర్నేట్ ఆపేస్తే ఆ ఫైలు పోతుంది, దాంతోపాటు విండోస్ త్వరగా తెరుచుకునే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. వైరస్ ఎక్కడా లేదు. ఎమ్యులేటర్లను ఆండ్రాయిడ్ స్టూడియోలోని డివైస్ మేనేజర్ నుంచి తీసేశాక వాడి ముఖం వెలిగిపోయింది.

నా కోపం షాపుల మీద ఒక్కటే కాదు, విండోస్ మీదా ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో సైజ్ అని కాలమ్ పెట్టి, ఫోల్డర్ల దగ్గర మాత్రం ఖాళీగా వదిలేస్తారు. ఒక్కో ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇలా ఎన్నిటికని చూస్తాం? ప్రోగ్రామ్‌లు తమ డేటా పెట్టుకునే, బాగా ఉబ్బే యాప్‌డేటా ఫోల్డర్‌నేమో దాచిపెడతారు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ పేజీ కొంత నయం, కానీ "అదర్" అన్న చోటికి వచ్చేసరికి మామూలు మనిషి ఆగిపోతాడు. ఇదేమన్నా కొత్త సమస్యా? 1990లో అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ బెన్ ష్నైడర్‌మన్ ట్రీమ్యాప్ అనే బొమ్మ కనిపెట్టిందే ఇందుకు. 80 ఎంబీ హార్డ్ డిస్క్‌ను 14 మంది పంచుకుంటుంటే అది నిండిపోయేది, ఎవరి ఫైళ్లు ఎంత తింటున్నాయో తేలక ఆయన ఆ దారి వెతికారు. ఎంత పెద్ద ఫైలుకు అంత పెద్ద గడి. విజ్‌ట్రీ, అలాంటిదే అయిన విన్‌డిర్‌స్టాట్ చూపించే రంగురంగుల గడులు అవే. ముప్పై ఏళ్లు దాటింది, ఇంకా ఆ బొమ్మ కోసం బయటి ప్రోగ్రామ్ దించుకోవాల్సి రావడం అన్యాయం.

క్లీనర్ యాప్‌ల జోలికి మాత్రం పోకండి. అవి కుకీలు, క్యాష్ (బ్రౌజర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) ఊడ్చి పెద్ద అంకె చూపిస్తాయి, బ్రౌజర్ తెరవగానే ఆ క్యాష్ మళ్లీ చేరుతుంది. అలాగే బొమ్మలో పెద్దగా కనబడిందని, విండోస్ తన సొంత ఫైళ్లు పెట్టుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌లో చేయి పెట్టకండి. అందులో చాలా ఫైళ్లు హార్డ్ లింకులు, అంటే ఒకే ఫైలుకు రెండు చోట్ల ఉన్న పేర్లు, అందుకే అది ఉన్నదానికన్నా పెద్దదిగా కనబడుతుంది. చేత్తో తీస్తే విండోసే పాడవుతుంది. దానికి డిస్క్ క్లీనప్ ఉంది. పాత విండోస్‌ని దాచే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ అయితే పెద్ద అప్‌డేట్ తర్వాత మామూలుగా 10 రోజులకు తనే పోతుంది. డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లో ఉన్నంతకాలం అదే డ్రైవ్‌లో జాగా పట్టుకునే ఉంటాయని ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

ఇంకో సంగతి. మన షాపుల్లో సీ డ్రైవ్‌కి 100 జీబీ ఇచ్చి, మిగతాదంతా డీ చేసి ఇస్తారు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, యాప్‌డేటా అన్నీ సీలోనే ఉంటాయి కాబట్టి డీ ఖాళీగా పడుంటుంది, సీ ఊపిరాడక కొట్టుకుంటుంది. అలాంటప్పుడు ఫార్మాట్ చేసి అదే కొలతలతో మళ్లీ ఇస్తే ఏం లాభం?

సర్వీస్ షాపుల అన్నలకు నాదొక్కటే అడుగుడు. డబ్బులు తీసుకోండి, మీ టైమ్‌కి విలువుంది. కానీ ఫార్మాట్ అనే ముందు ఒక్క స్కాన్ చేసి, స్క్రీన్ కస్టమర్ వైపు తిప్పి, "ఇదిగో, మీ జాగా తింటున్నది ఇది, తీసేయమంటారా?" అని అడగండి.