ముందు ఆమెనే అడగండి

విశాఖలో క్యాన్సర్ వైద్యం జరిగే ఏ ఆసుపత్రి వరండాలో నిలబడినా ఒక మాట వినపడుతుంది: "డాక్టర్ గారూ, అమ్మకు మాత్రం చెప్పకండి." బయాప్సీ రిపోర్టు కొడుకు చేతిలో ఉంటుంది. అల్లుడు లోపలికెళ్లి మాట్లాడతాడు. అమ్మ బయట బెంచీ మీద ఉంటుంది. "చిన్న గడ్డే, తీసేస్తే సరిపోతుంది" అని మాత్రం ఆమెకు చెబుతారు.

ఆ మాట వెనక ఉన్నది ప్రేమేనని మాకు తెలుసు. అయినా అది తప్పనే అంటాం. జుట్టు రాలుతుంటే, పక్క మంచాల వాళ్లు కీమో గురించి మాట్లాడుకుంటుంటే ఆమెకు అర్థం కాకుండా ఉంటుందా? అర్థమయ్యాక పిల్లలు బాధపడతారని తనూ పైకి అనదు. ఆ టెన్షన్ అంతా ఒక్కతే మోస్తుంది.

పైగా చికిత్స అంటే ఒకటే దారి కాదు. రొమ్ము క్యాన్సర్‌నే చూడండి. తొలి దశలో దొరికితే చాలామందికి రొమ్ము మొత్తం తీసేయవచ్చు, లేదా గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వవచ్చు. రెండు పద్ధతుల్లోనూ ఆయుష్షు ఒకేలా ఉంటుందని అమెరికా, ఇటలీల్లో 20 ఏళ్లు సాగిన పరిశీలనలు 2002లోనే తేల్చాయి. కానీ రేడియేషన్, జనం మాటలో 'కరెంటు', వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు పెట్టించుకోవాలి. ఎంవీపీ కాలనీ ఆమె ఇంటి నుంచి వచ్చి వెళ్తుంది. పాడేరు ఘాట్ దిగి వచ్చే ఆమె ఇక్కడే గది తీసుకోవాలి, తోడుగా ఒక మనిషి కూలి మానుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఆసుపత్రి బిల్లుకు పనికొస్తుంది గానీ ఇంటి దగ్గర పిల్లలకు అన్నం వండి పెట్టదు కదా. ఒకామెకు రొమ్ము నిలవడం ముఖ్యం, ఇంకొకామెకు త్వరగా ఇల్లు చేరడం ముఖ్యం. రెండూ న్యాయమైన కోరికలే. ఏది కావాలో స్కానింగ్‌లో కనపడదు, ఆమెను అడిగితేనే తెలుస్తుంది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. మత్తులో ఉన్న ఒక మహిళకు, ఆమె మైనరు కాకపోయినా, తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేసిన కేసులో, ఆ ఒప్పుకోలు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి కానప్పుడు, ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలన్నది దాని సారాంశం. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో అర్థమయ్యే భాషలో సమాచారం, మరో డాక్టరు సలహా తీసుకునే వీలు రెండూ ఉన్నాయి. అయినా ఆపరేషన్ ముందు రాత్రి ఇంగ్లిష్ కాగితం తెచ్చి "ఇక్కడో సంతకం" అనడం ఇంకా ఆగలేదు.

డాక్టర్లను మాత్రమే నిందించడం లేదు. ఓపీ ముందు బారులు తీరిన జనాన్ని చూస్తూ ఒక్కొక్కరితో అరగంట మాట్లాడమనడం అన్యాయం. అందుకే ఆ పనికి విడిగా మనుషులు కావాలి. ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లోనూ, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా ఆసుపత్రిలోనూ, ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ రోగితో కూర్చుని తెలుగులో విడమరచి చెప్పే కౌన్సెలర్లు చాలినంత మంది ఉండాలి. మన్యం నుంచి వచ్చేవారికి కువి, ఆదివాసీ ఒడియా భాషలు తెలిసినవారు కావాలి.

అలా అడిగితే "నాకేం చెప్పొద్దు, మా అబ్బాయితో మాట్లాడండి" అనే పెద్దవాళ్లు ఉంటారు. మంచిదే, అలాగే చేయాలి. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి. ఒప్పుకోలు కాగితం తెలుగులో అచ్చువేసి, ఆపరేషన్‌కు రెండు మూడు రోజుల ముందే ఆమె చేతికివ్వాలి. చదవడం రాకపోతే ఎవరైనా పక్కన కూర్చుని చదివి వినిపించాలి.