మీ దిగులు ఏ తేదీన మొదలైంది?

హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీల మీద నాకున్న గౌరవం ఈమధ్య ఒక బ్రోషర్ చూశాక రెట్టింపయింది. పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఒక కుటుంబం ఫొటో, దాని కింద "మానసిక వ్యాధులకూ కవరేజీ ఉంది" అని పెద్దక్షరాలు. అబ్బ ఎంత దయ అనుకునేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ఒంటి జబ్బుకు ఎలా ఇస్తారో మనసు జబ్బుకూ అలాగే ఇవ్వాలంది, 2018 ఆగస్టులో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ కూడా పంపింది. అది అర్థం చేసుకోవడానికి కంపెనీలకు ఎంత టైం పట్టిందంటే, 2022 అక్టోబరు 31లోగా అన్ని పాలసీల్లో పెట్టి తీరాలని మళ్లీ గడువు పెట్టాల్సి వచ్చింది.

సరే, ఇప్పుడైతే ఉంది కదా. డిప్రెషన్‌కు నెలనెలా కొనే ఎస్సిటాలోప్రామ్ మాత్రలకు డబ్బులిస్తారా అని అడిగి చూడండి. ఏజెంటు గారు చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూస్తారు. "అది ఓపీడీ కిందికొస్తుందండి. అడ్మిట్ అవ్వాలి, కనీసం 24 గంటలు."

కాబట్టి పాలసీ లేదని కుమిలిపోతున్న మిత్రులారా, ఊరడిల్లండి. పాతికవేలు ప్రీమియం కట్టినవాడూ మీరూ మెడికల్ షాపు ముందు ఒకే లైన్లో నిలబడతారు, ఇద్దరి జేబుకూ ఒకటే చిల్లు. అయితే ప్రీమియం కట్టినవాళ్ల కోసం దేశహితం కోరి నేనొక పథకం ఆలోచించాను. చాలా పాలసీల్లో డిశ్చార్జ్ తర్వాత 60 రోజులో 90 రోజులో మందుల ఖర్చు ఇస్తారు. అంటే మాత్రలు కావాలంటే రెండు నెలలకోసారి వెళ్లి అడ్మిట్ అయిపోవడమే!

ఊహించుకోండి. బైకేసుకుని వెళ్తారు. "ఏంటి ప్రాబ్లం?" "ఏం లేదండీ, మాత్రలైపోయాయి." బైకు తోలుకుంటూ వచ్చినవాణ్ణి వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి మూడో అంతస్తుకు తోసుకుపోతారు, రూలు. ఆకుపచ్చ గౌను తొడిగి, చేతికి పేరున్న పట్టీ కట్టి, సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తారు. "సెలైన్ ఎందుకమ్మా, రోజూ వేసుకునే మాత్ర చాలు కదా" అంటే, క్లెయిమ్ డెస్కులోని అమ్మాయి అసలు రహస్యం చెబుతుంది. "నోటిమాత్రలే వేస్తే, ఇంట్లో వేసుకోవచ్చుగా అని క్లెయిమ్ కొట్టేస్తారు సార్." అటెండెంటుగా వచ్చిన బావమరిది క్యాంటీన్ ఇడ్లీ తినేసి పక్క సోఫాలో గురక పెడుతుంటాడు. అప్పుడొస్తుంది, కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి మెయిల్.

"పేషెంటు దిగులు ఏ తేదీన మొదలైంది? పాలసీకి ముందా, తర్వాతా?"

"తేదీ సరిగ్గా తెలీదండీ, అప్పు చేసి చెల్లెలి పెళ్లి చేసినప్పటి నుంచి అనుకుంటా."

"పెళ్లి శుభలేఖ జత చేయగలరు."

శుభలేఖ పంపిస్తే పెళ్లి పాలసీకంటే నాలుగు నెలల ముందని తేలుతుంది. ఇంకేముంది, ప్రీ-ఎగ్జిస్టింగ్ డిసీజ్, అంటే పాలసీకి ముందునుంచే ఉన్న జబ్బు. అలాంటి జబ్బుకు డబ్బులివ్వని వెయిటింగ్ పీరియడ్ ఒకప్పుడు నాలుగేళ్ల దాకా ఉండేది, 2024లో దాన్ని మూడేళ్లకు మించకూడదన్నారు, సంతోషం. మూడేళ్లు ఆగి దిగులుపడితే క్యాష్‌లెస్.

ఇక పాలసీ లేనివాళ్ల వైభవం. డాక్టరు గారు బ్రాండు పేరు రాస్తారు. మందు అసలు పేరుతోనే రాయాలని 2023 ఆగస్టులో జాతీయ మెడికల్ కమిషన్ రూలు పెట్టింది, గోల కాగానే అదే నెలలో పక్కన పెట్టేసింది. చీటీ అందుకున్న షాపు కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక అరల దగ్గరున్న ఓనరుకు వినబడేలా, "అన్నా, ఈ పిచ్చి గోలీలు మన దగ్గర ఉన్నాయా?" అని కేకేస్తాడు. దగ్గుమందుకొచ్చిన ఎదురింటి ఆంటీ ఆ కేకకు తిరిగి చూస్తుంది. ఇదే మందు తక్కువ రేటులో లేదా అంటే కుర్రాడు భుజాలెగరేస్తాడు. పది మాత్రలే ఇమ్మంటే, "స్ట్రిప్పు కట్ చేయం సార్". మన దగ్గర పదిహేను మాత్రలకు సరిపడా డబ్బులుంటేనే డిప్రెషన్ తెచ్చుకోవాలన్నమాట.

చవగ్గా దొరకవా అంటే దొరుకుతాయి. జన్ ఔషధి కేంద్రాలు 15 వేలు దాటాయి, అక్కడ అదే మందు సగం ధరకో ఇంకా తక్కువకో వస్తుంది. స్టాకుంటే. హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. కానీ ఆ పేరును మనం తిట్టుగా మార్చేసి, సినిమాల్లో జోకులేసి, స్నేహితుల మధ్య "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలిరా" అని నవ్వుకుని, ఇప్పుడు జబ్బు చేసినవాళ్లు సిగ్గుపడకుండా అక్కడికెళ్లి లైన్లో నిలబడాలంటున్నాం. జిల్లా నుంచి వచ్చే తల్లికి తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని బస్సు టికెట్ లేదు, కొడుక్కి ఉంది, పోయిన రోజు కూలి ఇద్దరికీ రాదు.

నవ్వులాట ఇక్కడితో చాలు. అదే 2017 చట్టంలో 18వ సెక్షన్ ఉంది. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మానసిక వ్యాధుల మందులన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై ఆసుపత్రుల దాకా ఎప్పుడూ, ఉచితంగా అందుబాటులో ఉండాలి. "ఎప్పుడూ" అని చట్టంలోనే రాశారు. మరి నెలాఖరులో ఆ తల్లి కొడుకు మాత్రను కత్తిపీట మీద రెండు ముక్కలు ఎందుకు చేస్తోంది? సగం డోసుతో జబ్బు సగం తగ్గదు, తిరగబెట్టొచ్చు. ఇది ఏ డాక్టరైనా చెబుతాడు, ఏ ఆఫీసులో ఫైలు మీద సంతకం పెట్టేవాడికైనా తెలుసు. తెలిసే ఊరుకుంటున్నారు. రోజుకు టీ ఖర్చంత మందు ఇవ్వడానికి ఎవరికీ చేతులు రావు, అదే మనిషి కూలిపోయి వార్డులో పడితే మాత్రం బెడ్ చార్జీ, నర్సింగ్ చార్జీ, స్కానింగు అన్నిటికీ బిల్లులు పాసవుతాయి. మనిషి నిలబడి ఉన్నంతకాలం ఒక్క రూపాయి రాలదు. సిగ్గు జబ్బున్నవాడికి కాదు ఉండాల్సింది, వీళ్లకి.

మీ దగ్గరున్న సామాజిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి 18వ సెక్షన్ కింద మందులడగండి. లేవంటే, లేవని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఇవ్వరు. మళ్లీ నెల కూడా వెళ్లి అడగండి.