2 కూడా ప్రధాన సంఖ్యే సారూ!

మా అక్క బిడ్డ ఆరో తరగతి. హనుమకొండలో పేరున్న స్కూలే, ఫీజు చెప్తే కళ్ళు తిరుగుతాయి. ఇవాళ లెక్కల పేపర్ దిద్ది ఇచ్చారు. 'రెండు ప్రధాన సంఖ్యల మొత్తం ఎప్పుడూ సరి సంఖ్యే. తప్పా, ఒప్పా?' ప్రధాన సంఖ్య అంటే ప్రైమ్ నంబర్, 1 కన్నా పెద్దదై, 1తో, తనతో తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోనిది. పిల్ల 'తప్పు' అని రాసి, పక్కన 2+3=5 అని కూడా వేసింది. దాని మీద ఎర్ర పెన్నుతో ఇంటు మార్కు, కాగితం చిరిగేంత గట్టిగా!

ఫోన్ చేస్తే సారు ఏమన్నాడో తెలుసా? "కీలో ఒప్పు అని ఉంది మేడమ్." అయిపోయింది, కీ చెప్పాక ఇంకేముంది! ప్రధాన సంఖ్యల్లో సరి సంఖ్య 2 ఒక్కటే, మిగతావన్నీ బేసివే. ప్రశ్నలో కిటుకంతా ఆ 2 దగ్గరే. పదకొండేళ్ళ పిల్లకు దొరికింది, కీ రాసిన మహానుభావుడికి దొరకలేదు.

దీన్నే తిప్పి అడిగితే అసలు మజా. 2 కన్నా పెద్ద సరి సంఖ్య ఏదైనా రెండు ప్రధాన సంఖ్యల మొత్తం అవుతుందా? 28 అంటే 5+23, 11+17 కూడా. 1742లో గోల్డ్‌బాక్ అనే లెక్కల పండితుడు ఇంకో పండితుడు ఆయిలర్‌కి ఉత్తరం రాసినప్పటి నుంచి నడుస్తున్న లొల్లి ఇది. కంప్యూటర్లతో 4 పక్కన 18 సున్నాల దాకా చూశారు, ఎక్కడా తప్పలేదు. అయినా రుజువు లేదు కాబట్టి 'ఒప్పు' అని ఇప్పటికీ ఎవరూ టిక్కు పెట్టరు. మన కీకి మాత్రం అంత టైమ్ ఎక్కడిది!

గుణకారంలో ఈ గోల లేదు, ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యలుగా విడగొట్టే దారి ఒకటే. 60ని ఎట్లా విడగొట్టినా చివరికి తేలేది 2×2×3×5 మాత్రమే. 1ని ప్రధాన సంఖ్య అనకపోవడం కూడా అందుకే. 1ని కూడా ప్రధాన సంఖ్య అంటే, ముందు ఎన్ని ఒకట్లైనా తగిలించుకోవచ్చు, ఇక ఒకే దారి అన్న మాటకు అర్థం ఉండదు. ఇంటర్‌లో ఇదే అడిగితే మా లెక్చరర్ "ఎంసెట్‌లో రాదు, కూర్చో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎంసెట్ పేరైనా మారింది కానీ ఆ "కూర్చో" మారలేదు.

కాకతీయ యూనివర్సిటీలో లెక్కల ఎమ్మెస్సీ చేస్తానంటే మా పెద్ద బావ "ఎక్కాలు చెప్పుకుని బతుకుతవా?" అని ఇంటిల్లిపాదినీ ఎగదోశాడు. ఆ బావే ఇప్పుడు కొడుకుని ఆన్‌లైన్‌లో వేదిక్ మ్యాథ్స్‌కి వేలు పోసి చేర్పించాడు. బ్రెయిన్ షార్ప్ అవుతుందట. నన్ను అడిగితే ఫ్రీగా చెప్పనా బావా?