బడికి రాని కళ్లు

ప్రపంచ దృష్టి దినం ర్యాలీ అయిపోయింది. కళ్లజోళ్లు పంచారు. ఫొటోలు మా పత్రిక ఆఫీసుకు చేరాయి. కర్నూలు, అనంతపురం, కడప ఎక్కడైనా ఏటా అక్టోబరు రెండో గురువారం జరిగే తంతే ఇది. ఫొటోల నిండా యూనిఫాం పిల్లలే. తల్లి చంకలో ఉన్న బిడ్డ వాటిలో ఒక్కరూ కనిపించరు. మా కోపం అక్కడే.

పసిపిల్లల కంట్లో వచ్చే క్యాన్సర్, రెటినోబ్లాస్టోమా, బిడ్డ బడిలో చేరేదాకా ఆగదు. ఎక్కువ కేసులు ఐదేళ్ల లోపువే. 2019లో కంటి వెలుగును అనంతపురంలోనే మొదలుపెట్టారు. అప్పుడూ ముందు చూసింది బడిపిల్లలనే. ప్రభుత్వం మారినా ఆ అలవాటు మారలేదు.

ఈ జబ్బు దాక్కునేదీ కాదు. ఫోన్లో ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా పడుతుంది. రాత్రి లైటు తగిలితే పిల్లి కన్నులా మెరుస్తుంది. అందరికంటే ముందు తల్లే చూస్తుంది. ‘ఫోన్ బాగాలేదులే’ అంటారు ఇంట్లో. మెల్లకన్ను మొదలైతే అదృష్టమని మురిసిపోతారు. ఇంకొకరు పసరు పోయమంటారు. ఈలోగా గడ్డ కంటినరం పట్టుకుని మెదడు వైపు పాకుతుంది.

తొందరగా దొరికితే కీమో ఉంది, లేజర్ ఉంది, గడ్డను అతిచల్లదనంతో చంపే క్రయో ఉంది, కంటిగుడ్డుకు ఆనించి కుట్టే రేడియేషన్ ప్లేటు ఉంది. సూదితో ముక్క తీసే పరీక్ష మాత్రం దీనికి మామూలుగా చేయరు, కణాలు బయటకు పాకుతాయని భయం. ముదిరితే కన్ను తీసేయాల్సిందే. ముందు ప్రాణం, తర్వాత కన్ను, ఆ తర్వాతే చూపు అన్నది డాక్టర్ల వరస. పదిమందిలో దాదాపు నలుగురికి ఇది పుట్టుకతోనే ఒంట్లో ఉన్న జన్యులోపం వల్ల వస్తుంది. కాబట్టి తోబుట్టువుల కళ్లూ చూడాలి. ఆ తోబుట్టువు ఉయ్యాల్లో ఉంటే? మన శిబిరాల లెక్కలో ఆ బిడ్డ లేనట్టే.

పెద్దవాళ్లకూ కంటి క్యాన్సర్లు ఉన్నాయి. కంటి మధ్య పొరలో వచ్చే మెలనోమా ఒకటి. ఏళ్ల తరబడి ఎండ తగిలిన కంట్లో, తెల్లగుడ్డు మీద పెరిగేది ఇంకొకటి. పొలంలో పనిచేసేవాళ్లు దాన్ని ‘కండ పెరిగింది’ అని వదిలేస్తారు. రెప్ప మీద కురుపు ఒకే చోట మళ్లీ మళ్లీ వస్తుంటే అది రెప్ప గ్రంథుల క్యాన్సర్ కావచ్చు. అయితే పెద్దవాళ్లకు నోరుంది, తామే చెప్పుకోగలరు.

అరుదైన జబ్బుకు ప్రత్యేక కార్యక్రమం ఎలా పెడతామన్నది అధికారుల వాదన. నిజమే, 15 నుంచి 20 వేల జననాలకు ఒక కేసు. ప్రత్యేక కార్యక్రమం ఎవరడిగారు? పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు చూడాల్సిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచీ ఉంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్లాలి. వాళ్ల జాబితాలో పుట్టుకతో వచ్చే శుక్లం ఉంది. దాన్ని వెతకాలన్నా కంటిపాపలోకి లైటు వేసి చూడాల్సిందే. ఆ చూపుకే ఈ గడ్డ తెలుపూ దొరుకుతుంది. చీకటి గది, కంటి లోపల చూడటానికి చేతిలో పట్టే పరికరం ఆఫ్తాల్మోస్కోప్, ఒక్క నిమిషం చాలు. అనుమానం వస్తే పంపడానికి కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది.

బిడ్డను తూకం వేస్తారు. ఎత్తు కొలుస్తారు. జబ్బకు టేపు చుడతారు. కంట్లోకి తొంగి చూడటానికి మాత్రం బిడ్డ బడిలో చేరాలా? ఆరేళ్లకు కళ్లజోడు ఇస్తామంటున్నారు. రెండేళ్లకే పోయిన కంటికి అదెందుకు?

వచ్చే ఏడాది మాకు ర్యాలీ ఫొటోలు పంపకండి. ఆదోనిలో, గుంతకల్లులో, ప్రొద్దుటూరులో ఏ అంగన్‌వాడీలో ఏ రోజు ఎంతమంది పసిపిల్లల కళ్లలో లైటు వేసి చూశారో ఆ లెక్క పంపండి. మొదటి పేజీలో వేస్తాం. లెక్క లేదంటే, ఆ మాటా అక్కడే వేస్తాం.