ఆ రెండు గంటల లెక్క

(శారద వకీలు. ఆమె మేనమామ రామారావు సైకాలజీ బోధించి రిటైరైన లెక్చరర్. విషయం: 1961 సెప్టెంబరు 19 రాత్రి అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ కొండదారిలో హిల్ దంపతులను గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారా?)

శారద: బార్నీ తపాలా ఉద్యోగి, బెట్టీ సంక్షేమశాఖలో పనిచేసేది. మాంట్రియల్ నుంచి పోర్ట్స్‌మత్‌కు తిరిగి వస్తుంటే ఆకాశంలో ఒక వెలుగు వెంటపడింది. బార్నీ కారు దిగి బైనాక్యులర్స్‌తో చూస్తే, దాని కిటికీల వెనక ఆకారాలు! హడలిపోయి కారెక్కాడు. తర్వాత ఎప్పుడో ప్రయాణం లెక్క చూసుకుంటే రెండు గంటలకు లెక్క తేలలేదు.

రామారావు: మాటిమాటికీ కారు ఆపి ఆకాశం చూస్తే ఆలస్యం కాదా?

శారద: మూడోనాటికల్లా వైమానిక దళానికి ఫోన్ చేసి చెప్పారు మామయ్యా.

రామారావు: చెప్పింది వెలుగు గురించి. ఎత్తుకుపోయిన కథ తర్వాత పుట్టింది. పది రోజులకు బెట్టీకి వరసగా ఐదు రాత్రులు కలలొచ్చాయి. పొట్టి మనుషులు, వైద్యపరీక్షలు, బొడ్డులో సూది. అవన్నీ రాసిపెట్టుకుంది కూడా. 1964లో బోస్టన్ మానసిక వైద్యుడు బెంజమిన్ సైమన్ హిప్నాసిస్ చేస్తే బయటపడింది చాలావరకు ఆ కలలే.

శారద: విడివిడిగా అడిగినా ఇద్దరి కథలూ కలిశాయి కదా!

రామారావు: ఒకే ఇంట్లో రెండేళ్ళు అవే మాటలు విన్నాక కలవకపోతే వింత. ఇలాంటి సాక్షులు కోర్టుకొస్తే, కూడబలుక్కున్నారని ముందు లేచేది నువ్వే.

శారద: కూడబలుక్కోవడం వేరు, కాపురం చేయడం వేరు.

రామారావు: సరే, అబద్ధమాడారని నేనూ అనను. సైమన్ కూడా అనలేదు. కానీ అపహరణ జరిగిందని ఆయనే నమ్మలేదు. హిప్నాసిస్ అంటే తాళం తీసిన పెట్టె కాదమ్మా. జ్ఞాపకంలో ఖాళీ ఉన్నచోట ఊహ వచ్చి కూర్చుంటుంది, పైగా అదే నిజమన్న ధీమా కూడా పెరుగుతుంది.

శారద: బార్నీ నల్లజాతివాడు, బెట్టీ తెల్లజాతి స్త్రీ. అప్పట్లో చాలా రాష్ట్రాల్లో అలాంటి పెళ్ళి నేరం. వీధిలోకొస్తేనే జనం గుచ్చిగుచ్చి చూసే జంట మరో నవ్వులాటను కోరి తెచ్చుకుంటుందా? 1965లో బోస్టన్ పత్రిక రాసింది కూడా వాళ్ళ సహకారం లేకుండానే.

రామారావు: నా వాదనకు మూలమే అది. దారిలో తినడానికి ఆగినచోట తనను ఎలా చూస్తారోనన్న బెదురు బార్నీ హిప్నాసిస్‌లో చెప్పుకున్నాడు. అంత బెదురు మోస్తున్నవాడికి, కిటికీలోంచి ఎవరో తననే చూస్తున్నారనిపించడం వింతా?

శారద: భయపడేవాడు చూసినదంతా భ్రమేనా? ఆ ఆకారాల సంగతి హిప్నాసిస్‌కు రెండేళ్ళ ముందే, 1961 అక్టోబరులోనే, విచారించడానికి వచ్చిన వాల్టర్ వెబ్‌కు చెప్పాడు.

రామారావు: ఒప్పుకున్నాను. ఏం చూశాడో నాకు తెలియదు. కిటికీ దాకా వస్తాను, లోపలికి మాత్రం రాను.

శారద: ఆ వాహనంలో తనకు చూపించారంటూ బెట్టీ గీసిన నక్షత్రపటం?

రామారావు: ఆకాశంలో చుక్కలకేం కొదవ? ముగ్గు మనమే కలుపుకోవచ్చు.

శారద: ఆ రాత్రి బెట్టీ వేసుకున్న గౌను చిరిగింది, దాని మాటేమిటి? అది కలలో చిరగదు కదా.

రామారావు: రాత్రంతా కారులో కూర్చున్న గౌను చిరగడానికి వేరే గ్రహం నుంచి ఎవరైనా రావాలా?

శారద: అంచూ, అస్తరూ, జిప్పూ, మూడూనా?

రామారావు: ...అది మీ అత్తయ్యను అడగాలి.